నానమ్మ ఒడి చాలదు

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి శ్రీ పొన్నం ప్రభాకర్ గారికి,

నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్న ఇల్లాలిని నేను. ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఇప్పుడు మనవల్ని పెంచడంలో చేయి వేస్తున్నాను. ఈ ఉత్తరాన్ని మీ ఆఫీసుకు పోస్టు చేయకుండా పత్రికలో రాస్తున్నానంటే కారణం ఉంది. ఇందులో మీరు చేయవలసినవి ఉన్నాయి, నాలాంటి నానమ్మలూ అమ్మమ్మలూ చేయవలసినవీ ఉన్నాయి.

రెండేళ్ల కిందట మాఘమాసంలో మా అబ్బాయి కొత్త కారు కొన్నాడు. వాహన పూజకు యాదగిరిగుట్ట బయల్దేరాం. ఇంటి ముందు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దిష్టి తీసి, మంచి గడియ చూసుకుని మరీ కదిలాం. ముందు సీట్లో నేను, నా ఒడిలో పదహారు నెలల మనవడు. వెనక మా ఆయన, కోడలు, పూజ సామాను. హబ్సిగూడ మీదుగా వచ్చి ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి వరంగల్ రోడ్డెక్కాం. ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల పక్కన బండ్లు ఒకదాని వెనక ఒకటి మెల్లగా పాకుతున్నాయి. బోడుప్పల్ దగ్గర ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. మావాడు బ్రేకు తొక్కాడు. బండి దేనికీ తగల్లేదు. స్పీడు ముప్ఫై కూడా లేదు.

నా చేతులు వాడి నడుం చుట్టూ బిగించే ఉన్నాయి. చలిగాలి తగులుతుందని కొంగు కూడా వాడి చుట్టూ తిప్పి పట్టుకున్నాను. అయినా వాడు జారిపోయాడు. డాష్‌బోర్డుకు మూతి కొట్టుకుని, పైపెదవి చీలి, ముందు పాలపన్ను చిగుట్లోకి దిగబడింది. వెనక్కి తీసుకుని చూస్తే నా కొంగు నిండా రక్తం. గుట్టకు పోలేదు, ఆసుపత్రికి పోయాం. మూడు కుట్లు పడ్డాయి. "ఇంతటితో పోయింది అత్తమ్మా, మీరు బాధపడకండి" అని కోడలు నన్నే ఓదార్చింది. నాకు మాత్రం ఆ రాత్రంతా చేతులే గుర్తొచ్చాయి. అంత గట్టిగా పట్టుకున్నాను కదా, ఎట్లా జారాడు?

మా పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఉంది. మర్నాడు వాణ్ని చూడ్డానికి వచ్చి, నా ప్రశ్న విని, నోటుబుక్కు వెనక అట్ట మీద లెక్క వేసి చూపించింది. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ దేనికైనా గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే, పది కిలోల పిల్లవాణ్ని పట్టి ఉంచడానికి దాదాపు 140 కిలోల బరువును ఆపినంత బలం కావాలి. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు మూడింటికి కాస్త తక్కువ. కళ్లు మూసి తెరిచేలోగా అంత బరువును రెండు చేతులతో ఎవరు ఆపగలరు? తల్లైనా ఆపలేదు, పహిల్వానైనా ఆపలేడు. నా ప్రేమ తక్కువై వాడు జారలేదని ఆ అట్ట మీది అంకెలు చూశాకే నాకు నమ్మకం కుదిరింది. ఏ చేతులకైనా చేతకాని పని అది.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. మేం కూర్చున్న చోట డాష్‌బోర్డు లోపల ఎయిర్‌బ్యాగు ఉంది. ఇప్పుడొచ్చే కొత్త కార్లన్నిటికీ ముందు రెండు సీట్లకూ అది తప్పనిసరి. బెల్టు పెట్టుకున్న పెద్దవాళ్లను అది కాపాడుతుంది. ఒడిలో పిల్లవాడుంటే ఆ దెబ్బ నేరుగా వాడి ముఖానికే. 2024 సెప్టెంబరులో కేరళలోని మలప్పురం జిల్లాలో ముందు సీట్లో తల్లి ఒడిలో కూర్చున్న రెండేళ్ల పాప ఇట్లాగే ఎయిర్‌బ్యాగు వల్ల చనిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. మా బండి దేనికీ గుద్దుకోలేదు కాబట్టి అది తెరుచుకోలేదు. అంతే తేడా.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. దాని పురిటికి వెళ్లినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరే రోజు నర్సు మాతో పాటు కారు దాకా వచ్చింది. పసిగుడ్డును నేను ఎత్తుకుంటానంటే ఒప్పుకోలేదు. అల్లుడు ముందే బిగించి ఉంచిన బకెట్ లాంటి సీటును కదిపి చూసి, పాపను అందులో పడుకోబెట్టి, భుజాల మీది పట్టీలను రెండు వేళ్లతో గిల్లి చూసింది. వేళ్ల మధ్యకు పట్టీ మడత వస్తే వదులుగా ఉన్నట్టట. వస్తే ఇంకా బిగించాలి. ఆ రోజు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, నా మనవరాలిని నా చేతుల్లో పెట్టలేదని. అక్కడ చట్టం ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప, సీటు ఉండి తీరాలంటుంది. ఆ నియమాన్ని డాలస్‌లో ఆర్నెల్లు కళ్లారా చూసి వచ్చిన నేనే నాచారంలో మనవణ్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. దూరం తక్కువని, స్పీడు తక్కువని, మనవాడే నడుపుతున్నాడని. మన ఇళ్లల్లో పెద్దవాళ్లం చాలామందిమి అక్కడికి పోతే ఒక రకంగా, ఇక్కడికొస్తే ఇంకో రకంగా ఉంటున్నాం. పిల్లవాడి మెడ మాత్రం రెండు చోట్లా ఒకటే.

మంత్రిగారూ, మన దేశంలోనూ చట్టం లేకపోలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194బి సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని సీటు బెల్టుతోనో, పిల్లల కోసం చేసిన సీటుతోనో కట్టి ఉంచకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అంటుంది. అది 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. నా అభ్యంతరమల్లా ఆ 'సీటు బెల్టుతోనో' అన్న మాట దగ్గరే. మూడేళ్ల పిల్లకు పెద్దల బెల్టు పెడితే కింది పట్టీ తుంటి ఎముకల మీద ఆగదు, పొట్ట మీదికి ఎక్కుతుంది. పై పట్టీ భుజం మీద ఉండదు, మెడకు ఒరుసుకుంటుంది. గట్టి బ్రేకు పడితే పేగులకూ గొంతుకూ ఆ బెల్టే గాయం చేస్తుంది. సెక్షన్ ప్రకారం ఆ తండ్రి తప్పు చేయనట్టే లెక్క. ఏ ఎత్తు పిల్లకు ఏ సీటో ఆ సెక్షన్ చెప్పదు. పద్నాలుగు అన్న ఒక్క అంకె దగ్గర ఆగిపోయింది.

పిల్ల వయసును బట్టి కాదు, బరువునూ ఎత్తునూ బట్టి సీటు ఎంచుకోవాలి. ఇది తెలుసుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది. దుకాణానికి వెళ్తే "సున్నా నుంచి పన్నెండేళ్ల దాకా ఇదొక్కటే సరిపోతుంది మేడం" అని ఒకటి చూపించారు. ఇంకోచోట వయసు అడిగి ఒకటి చేతిలో పెట్టారు. ఎక్కడా వాణ్ని తూకం వేయమనలేదు, టేపు పెట్టి కొలవమనలేదు. చెప్పుల దుకాణంలో కూడా పాదం కొలుస్తారే!

పుట్టిన బిడ్డకు శరీరం పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. మనకు ఎనిమిదో వంతు. అంత పెద్ద తలను మోసే మెడలో ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. పిల్లను ముందుకు తిప్పి కూర్చోబెట్టినప్పుడు బండి గుద్దుకుంటే ఒళ్లు పట్టీల్లో ఆగుతుంది, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది. ఆ విసురంతా మెడ మీదే. అదే పిల్లను వెనక్కి, అంటే కారు డిక్కీ వైపు ముఖం పెట్టి కూర్చోబెడితే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు డిప్పలోకి ఒత్తుకుంటాయి. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆయన 1964లోనే ఈ ఆలోచనతో సీటు తయారుచేశాడు. వ్యోమగాములు రాకెట్లో వెల్లకిలా కూర్చునే తీరు చూసి ఆయనకు అది తట్టిందట. అక్కడ నాలుగేళ్లు వచ్చేదాకా పిల్లల్ని వెనక్కే కూర్చోబెడతారు. ఐరోపా కొత్త ప్రమాణం ఆర్129 ప్రకారం కనీసం 15 నెలలు దాటేదాకా ముందుకు తిప్పకూడదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018 నుంచి, ఆ సీటు మోయగలిగినంత బరువు, ఎత్తు వచ్చేదాకా వెనక్కే ఉంచమంటోంది. కాళ్లు ముడుచుకుంటాయే అని మా ఆయన బెంగపెట్టుకున్నారు. పిల్లలు బాసింపట్టు వేసుకుని హాయిగానే కూర్చుంటారు. అయినా విరిగిన కాలు అతుకుతుంది, మెడ అట్లా కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: వెనక్కి తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో ఎన్నడూ పెట్టకూడదు.

ఆ సీటు కొలతలు దాటాక ముందుకు తిరిగే సీటు. భుజాల మీద రెండు, తుంటి మీద రెండు, కాళ్ల మధ్య ఒకటి, అయిదు పట్టీలు. ఐరోపా పాత ప్రమాణంలో ఇది 18 కిలోల వరకు. పట్టీలు పుట్టే చోటు, వెనక్కి తిరిగిన సీట్లో భుజాలకు సమంగానో కిందో ఉండాలి. ముందుకు తిరిగిన సీట్లో సమంగానో పైనో ఉండాలి. పిల్ల రెండు మూడు నెలలకొకసారి ఎదుగుతుంది కాబట్టి పట్టీలనూ ఎక్కించుకుంటూ పోవాలి. మా ఇంట్లో వంటింటి గుమ్మం మీద పెన్సిల్ గీతలుంటాయి, మా అబ్బాయి చిన్నప్పటివి కొన్ని ఇంకా చెరగలేదు. ఇప్పుడు మనవడి గీతలు వాటి పక్కన పడుతున్నాయి. కొత్త గీత గీసిన ప్రతి ఆదివారం కోడలు కిందికి పోయి కారు సీటు పట్టీలు చూసి వస్తుంది.

ఆ తర్వాత బూస్టరు. పిల్లను నాలుగంగుళాలు పైకి లేపి పెద్దల బెల్టు పట్టాల్సిన చోట పట్టేట్టు చేసే పీట అది. పిల్లలు దీన్ని మానేయాలని తొందరపడతారు, పెద్దవాళ్లమూ అంతే. మానడానికి కొలత ఉంది. ఐరోపాలో కొన్ని దేశాలు 135 సెంటీమీటర్లంటాయి, కొన్ని 150 అంటాయి. అమెరికా డాక్టర్లు 145 అంటారు. ఆ ఎత్తు చాలామందికి ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య వస్తుంది. అంకె గుర్తులేకపోతే కళ్లతో చూడొచ్చు. వీపు సీటుకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు సీటు అంచు దగ్గర మడత పడాలి, కింది బెల్టు తుంటి మీద, పై బెల్టు భుజం మధ్యన ఉండాలి, ప్రయాణమంతా పిల్ల అట్లాగే కూర్చోగలగాలి. ఒక్కటి కుదరకపోయినా బూస్టరు ఉండవలసిందే. పదమూడేళ్లు వచ్చేదాకా వెనక సీటే.

కొన్న సీటును సరిగా బిగించడం ఇంకో చదువు. మా కారు వెనక సీటు సందులో వేలు పెడితే రెండు ఇనుప కడ్డీలు తగులుతాయి. వాటిని ఐసోఫిక్స్ అంటారని మాకు ఎవరూ చెప్పలేదు, బండి పుస్తకం చదివితే దొరికింది. సీటు కొక్కేలు వాటికి టక్కున పట్టుకుంటే పక్కన ఎర్ర గుర్తు పోయి ఆకుపచ్చ గుర్తు వస్తుంది. బెల్టుతో కట్టే సీటైతే, కట్టాక బెల్టు పోయే చోట పట్టుకుని ఊపితే ఒక అంగుళం కన్నా కదలకూడదు. ఎండాకాలంలో నాచారంలో బయట నిలిపిన కారులో బకిల్ నిప్పులా కాలుతుంది. మేం తడి తువ్వాలు కప్పి ఉంచి, ఎక్కించే ముందు చేత్తో ముట్టి చూస్తాం. మొదట్లో వాడు సీటు చూస్తేనే ఏడ్చేవాడు. నాలుగు రోజులు ఆ సీటు హాల్లో పెట్టాం. స్టీలు గ్లాసు, చెంచా పట్టుకుని వాడే ఎక్కి కూర్చుని ఆడుకున్నాడు. అయిదో రోజు కారులో పెడితే ఏడవలేదు. ఈ మాట తల్లుల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను.

మా కారుకు అయిదు నక్షత్రాలున్నాయని మావాడు గొప్పగా చెప్పేవాడు. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష వచ్చింది. అందులో పిల్లల రక్షణకు 49 పాయింట్లు. ఏడాదిన్నర పిల్లంత బొమ్మను, మూడేళ్ల పిల్లంత బొమ్మను సీట్లలో కట్టి బండిని గుద్దిస్తారు. ఒడిలో పెట్టుకుని కాదు. సీటు లేకపోతే ఆ పాయింట్లు మన పిల్లకు దక్కవు.

1977లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం ఆ దేశానికి దారి చూపిన చట్టం చేసింది, పిల్లలకు కారు సీటు తప్పనిసరి అని. దాని వెనక రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు పట్టుదల ఉంది. చట్టసభలో అది గట్టెక్కే ముందు ఒక మినహాయింపు చేర్చారు, పెద్దవాళ్లు ఎత్తుకుంటే సీటు అక్కర్లేదని. ఆ మినహాయింపును 'పిల్లల్ని నలిపే సవరణ' అని పిలిచారు. దాన్ని తీయించడానికి 1981 దాకా పట్టింది. 1985 నాటికి ఆ దేశంలోని 50 రాష్ట్రాల్లోనూ చట్టాలొచ్చాయి. కార్లలో సరైన సీటు వాడితే ఏడాది లోపు పిల్లల్లో చావు ముప్పు 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల వారిలో 54 శాతం తగ్గుతుందని అక్కడి ప్రభుత్వ లెక్క. మనకు కాగితం మీద అట్లాంటి మినహాయింపు లేదు. అలవాటులో ఉంది. దాన్ని తీయించే పని మీది, నాది.

కేరళలో ఆ పాప పోయాక అక్కడి రవాణా కమిషనర్ ఎత్తును బట్టి సీటు, బూస్టరు తప్పనిసరి చేస్తామని, డిసెంబరు నుంచి జరిమానా వేస్తామని ప్రకటించారు. జనం ఖర్చు అన్నారు. అక్కడి రవాణా మంత్రిగారు ఇప్పట్లో అమలు చేయబోమన్నారు. ఖర్చు మాట నిజమే. మంచి సీటు ఐదారు వేల నుంచి మొదలై పాతిక ముప్ఫై వేల దాకా ఉంది, పిల్ల ఎదిగేలోగా రెండు మూడు మార్చాలి. అందుకే మిమ్మల్ని మొదట జరిమానా అడగడం లేదు.

మొదట మన ప్రభుత్వ బండ్లతో మొదలుపెట్టండి. సర్కారు దవాఖానాల్లో కాన్పయిన తల్లుల్ని 102 అమ్మ ఒడి వాహనాలు ఇంటి దగ్గర దింపుతున్నాయి. చాలా మంచి పని అది. ఆరోగ్య శాఖతో మాట్లాడి ఆ బండ్లలో పసిపిల్లల సీటొకటి బిగించండి. కారు కొనలేని ఇంటి బిడ్డకు కూడా మొదటి ప్రయాణం భద్రంగా జరుగుతుంది. మాతా శిశు కార్డులో నెలనెలా బరువు రాస్తూనే ఉన్నారు. ఆ పేజీ కిందే ఈ బరువుకు ఈ సీటు అని నాలుగు వరుసలు అచ్చు వేయించండి. ఏడాదికే చిన్నవైపోయే పసిపిల్లల సీట్లను అరువిచ్చి తీసుకునే ఏర్పాటు పెడితే ఖర్చు బాధ సగం తీరుతుంది. ప్రమాదంలో ఉన్న సీటునూ, గడువు దాటినదాన్నీ మాత్రం తీసుకోకూడదు.

ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసులో నెలకొక శనివారం, సీటు బిగించి చూపించే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. పిల్లను తూచి, కొలిచి, సీటు ఊపి చూసి చెబితే చాలు. మేం ఇన్ని నెలలు పడ్డ పాట్లు పావుగంటలో తీరేవి. కారు లైసెన్సు పరీక్షలో ఈ విషయం మీద ఒక ప్రశ్నైనా ఉండాలి. 194బిలో ఎత్తు, బరువు చేర్చమని కేంద్రానికి రాయండి. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు అమ్మే గుడ్డ పట్టీల సంగతీ చూడండి. సీటు డిప్ప లేదు, ఏ పరీక్షా గుర్తూ లేదు, పిల్లల సీటు అన్న పేరు మాత్రం ఉంది. బెల్టు అలారం నొక్కేసే క్లిప్పుల విషయంలో 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13,118 ప్రకటనలు తీయించింది. అట్లాంటి పని దీనికీ జరగాలి.

మా వీధిలో కార్ల కంటే స్కూటర్లే ఎక్కువని నాకు తెలుసు. నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే హెల్మెటు, నడిపేవారికి కట్టే పట్టీల చొక్కా ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నియమం చేసింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. పొద్దున బడి వేళకు నాచారం మెయిన్ రోడ్డు మీద నిలబడి ఎన్నిసార్లు చూశానో, అట్లాంటి చొక్కా ఒక్క పిల్లకూ కనబడలేదు. అది ఇంకో ఉత్తరానికి సరిపడే విషయం, కానీ దీన్ని వదిలేసి ఊరుకుంటే నా మాట సగమే అవుతుంది.

మళ్లీ కార్ల దగ్గరికి వస్తే, 2022లో సీటు బెల్టు లేక దేశంలో 16,715 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే రాసింది. వారిలో 8,331 మంది స్టీరింగు పట్టినవాళ్లు కాదు, బండిలో కూర్చున్నవాళ్లు.

మొన్న ఆదివారం గుమ్మం దగ్గర నిలబెట్టి గీత గీశాం. మా మనవడు ఇప్పుడు 97 సెంటీమీటర్లు, 14 కిలోలు. వాడు 135 చేరేలోగా ఉప్పల్ ఆఫీసులో ఆ శనివారం మొదలవ్వాలని, వాణ్ని తీసుకుని నేనే మొదట వరుసలో నిలబడాలని నా కోరిక. తమరు దయచేసి తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక నానమ్మ,
హెచ్‌ఎంటీ నగర్, నాచారం